వృద్ధాశ్రమాల్లో ఉండే పెద్దవాళ్లకు ఫిజియోథెరపీ వ్యాయామాలు: తరచుగా అడిగే ప్రశ్నలు

ఈ ప్రశ్నలు అడిగేది ముఖ్యంగా మూడు రకాలవాళ్లు: ఆశ్రమాల్లో ఉండే పెద్దవాళ్లు, వాళ్లను చూసుకునే ఆయాలు, అటెండర్లు, అప్పుడప్పుడూ చూడటానికి వచ్చే పిల్లలు. ఎవరు అడిగినా వెనక ఉన్న బెంగ ఒక్కటే, ఈ వయసులో కదిలిస్తే ఏమవుతుందో అని. ఒక ఫిజియోథెరపిస్టుగా నాకు దానికన్నా ఎక్కువ బెంగ కలిగించేది కదలకుండా కూర్చోబెట్టడం. కింద రాసినవి అందరికీ పనికొచ్చే విషయాలే అయినా, ఒక్కొక్కరి ఒంటిని బట్టి వాళ్ల డాక్టరు, ఫిజియో చెప్పిందే పాటించాలి.

ఎనభై అయిదేళ్లు దాటాక కూడా కండబలం పెరుగుతుందా? నిజం చెప్పండి.

పెరుగుతుంది. మీకు ధైర్యం చెప్పడం కోసం అంటున్న మాట కాదిది. అమెరికాలోని బోస్టన్‌లో ఒక వృద్ధుల సంరక్షణ కేంద్రంలో 86 నుంచి 96 ఏళ్ల మధ్య వయసున్న పదిమందికి ఎనిమిది వారాల పాటు తొడ కండరాలకు బరువులతో వ్యాయామం చేయించారు. ఆ ఫలితాలు 1990లో వచ్చాయి. చివరిదాకా చేసిన తొమ్మిదిమందిలో కాళ్ల బలం సగటున 174 శాతం పెరిగింది. ఇద్దరికి చేతికర్ర అవసరమే లేకుండా పోయింది. 1994లో సగటు వయసు 87 ఉన్న వందమందితో చేసిన మరో పరిశోధనలోనూ పది వారాల్లో బలం రెట్టింపుకు మించి పెరిగింది, నడక వేగం పెరిగింది, మెట్లెక్కే శక్తి పెరిగింది. అందులో కొందరికి వ్యాయామం లేకుండా పోషకాహార పానీయం మాత్రమే ఇచ్చి చూశారు. వాళ్లలో ఈ మార్పు రాలేదు.

మొదటి కొన్ని వారాల్లో కండ లావెక్కినట్టు కనిపించదు. ఉన్న కండనే నరాలు మళ్లీ పూర్తిగా వాడుకోవడం మొదలుపెడతాయి. అందుకే తొడ చుట్టుకొలత మారకపోయినా మనిషి తేలిగ్గా లేస్తారు.

మధ్యలో ఆపేస్తే?

పోతుంది, అదీ త్వరగా. 1990 నాటి ఆ పరిశోధనలోనే వ్యాయామం ఆపిన నాలుగు వారాలకు వచ్చిన బలంలో పెద్ద భాగం జారిపోయింది. అందుకే "మూడు నెలల కోర్సు అయిపోయింది" అనే ఆలోచన ఇక్కడ పనికిరాదు. జ్వరం వల్లో, ఆసుపత్రిలో చేరడం వల్లో ఆగిపోతే, వచ్చాక తక్కువ నుంచి మళ్లీ మొదలుపెట్టాలి. ఆగిన చోటునుంచే మొదలుపెడితే ఒళ్లు నొప్పులొచ్చి మానేస్తారు.

ఇక్కడ స్నానం, బట్టలు, భోజనం అన్నీ వేరేవాళ్లే చూసుకుంటున్నారు కదా. ఇంక వ్యాయామం దేనికి?

అన్నీ వేరేవాళ్లు చూసుకుంటున్నారు కాబట్టే మరింత అవసరం. ఇంట్లో ఉన్నప్పుడు మనిషి తెలియకుండానే రోజుకు ఎన్నోసార్లు లేస్తారు, వంగుతారు, నాలుగడుగులు వేస్తారు. ఆశ్రమంలోకి వచ్చాక ఆ పనులన్నీ చేతుల్లోంచి పోతాయి. ఎవరిదీ చెడు ఉద్దేశం కాదు. ఆయాకు పదిమందిని తయారుచేయాలి, తనే చొక్కా తొడిగేస్తే రెండు నిమిషాల్లో అయిపోతుంది, పెద్దాయన తొడుక్కుంటే పది నిమిషాలు పడుతుంది. కొన్నాళ్లకు పెద్దాయనకు చొక్కా తొడుక్కోవడం నిజంగానే రాకుండా పోతుంది.

ఇది ఎంత వేగంగా జరుగుతుందో తెలుసుకోవాలంటే 2007లో వచ్చిన ఒక పరిశోధన చూడాలి. ఏ జబ్బూ లేని పెద్దవయసు వాళ్లను పది రోజులు మంచం మీదే ఉంచారు. ఆ పది రోజుల్లోనే కాళ్లలో దాదాపు ఒక కిలో కండ తగ్గింది. ఆరోగ్యంగా ఉన్నవాళ్లకే అంత తగ్గితే, ముందే నీరసంగా ఉన్నవాళ్ల సంగతి వేరే చెప్పక్కర్లేదు.

నా దృష్టిలో అసలు గీత బాత్రూమ్ దగ్గర ఉంది. తనంతట తను లేచి బాత్రూమ్‌కి వెళ్లగలిగినంత కాలం మనిషి గౌరవం తన చేతిలో ఉంటుంది. మేం చేయించే వ్యాయామాల్లో చాలా భాగం ఆ కొద్ది అడుగుల దూరం కోసమే.

ఒక్క వ్యాయామమే చేయించగలం అంటే ఏది చేయించాలి?

కుర్చీలోంచి లేచి నిలబడటం, మళ్లీ కూర్చోవడం. దీనికి సాటి వచ్చేది ఇంకొకటి లేదు. తొడలు, పిరుదులు, పిక్కలు, బ్యాలెన్స్ అన్నీ ఒకేసారి పనిచేస్తాయి, పైగా రోజూ అవసరమయ్యే పని.

కుర్చీకి చేతులుండాలి, చక్రాలుండకూడదు, వీపు భాగం గోడకు ఆనించి ఉండాలి. ముందు పిరుదులు జరుపుకుంటూ కుర్చీ అంచుకు రావాలి. పాదాలు రెండూ నేలకు పూర్తిగా ఆనాలి, మోకాళ్లకన్నా కాస్త వెనక్కి ఉండాలి. తర్వాత ముక్కు కాలివేళ్ల మీదికి వచ్చేదాకా ఒళ్లు ముందుకు వంచాలి. చాలామందికి ఇబ్బంది ఇక్కడే. ముందుకు పడిపోతామన్న భయంతో వెనక్కి వాలి లేవబోతారు. అలా లేవడం కుర్రవాళ్ల వల్లా కాదు. "అమ్మా, ముందుకు వంగండి, నా మొహం చూడండి, ఇప్పుడు లేవండి" అని ఎదురుగా ఉండి చెబితే భయం తగ్గుతుంది. లేచాక ఒక్క క్షణం నిటారుగా నిలబడి, పిక్కలకు కుర్చీ తగులుతోందో లేదో చూసుకుని, మూడు లెక్కపెడుతూ మెల్లగా కూర్చోవాలి. ధబ్బున కూలబడనివ్వొద్దు. కిందికి దిగేటప్పుడు బరువును ఆపడం కూడా కండరానికి మంచి పని, వెన్నుకూ దెబ్బ తగలదు.

మొదట్లో లేవలేకపోతే కుర్చీ మీద గట్టి దిండు వేసి ఎత్తు పెంచండి. రెండు చేతులతో నొక్కి లేవగలిగితే కొన్నాళ్లకు ఒక చేత్తో, ఆ తర్వాత చేతులు ఛాతీ మీద పెట్టుకుని లేపించండి. ఒక విడతలో అయిదుసార్లతో మొదలుపెట్టి పదికి తీసుకెళ్లండి. ప్రతి భోజనానికి ముందు ఒక విడత అని పెట్టుకుంటే ఎవరూ మర్చిపోరు.

సాయం చేసేవాళ్లకు ఒక్క మాట. చంకల కింద చేతులేసి ఎత్తొద్దు, చేతులు పట్టుకుని లాగొద్దు. పెద్దవాళ్ల భుజం కీలు అంత లాగుడును తట్టుకోదు. నడుముకు కట్టే వెడల్పాటి బెల్టు ఉంటే దాన్ని పట్టుకోండి. లేదంటే పక్కన నిలబడి ఒక చెయ్యి నడుము వెనక, ఇంకో చెయ్యి ముందువైపు తోడుగా ఉంచండి.

మా ఆశ్రమంలో రోజూ పొద్దున అందరినీ గుండ్రంగా కూర్చోబెట్టి చేతులు ఊపిస్తారు. అది చాలదా?

మంచిదే, మానొద్దు. నలుగురూ కలుస్తారు, కీళ్లు కదులుతాయి, కాస్త హుషారొస్తుంది. కానీ కూర్చుని గాల్లో చేతులు ఊపితే కాళ్లకు బలం రాదు, బ్యాలెన్స్ రాదు. పెద్దవాళ్లు పడిపోయేది చేతుల్లో బలం లేక కాదు. కాబట్టి ఆ అరగంటలో కనీసం సగం సేపు కాళ్లకు కేటాయించండి. కూర్చునే ఒక కాలు మోకాలి దగ్గర నిటారుగా చాచి అయిదు లెక్కపెట్టేదాకా ఆపడం, చీలమండకు అరకిలో ఇసుక సంచీ కట్టి అదే చేయడం, కుర్చీ వీపు పట్టుకుని నిలబడి మడమలు పైకెత్తడం, కాలు పక్కకు చాపడం. నిలబడగలిగిన వాళ్లందరినీ నిలబెట్టండి.

వారానికి ఎన్నిసార్లు? ఎంతసేపు?

ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లో ఇచ్చిన సూచనల ప్రకారం 65 దాటినవాళ్లు వారానికి కనీసం 150 నిమిషాలు ఓ మోస్తరు శ్రమతో కదలాలి, రెండు రోజులు కండబలం కోసం చేయాలి, మూడు రోజులు బ్యాలెన్స్, బలం కలిపి చేయాలి. ఆశ్రమంలో ఉండే చాలామందికి ఈ లెక్క మొదట్లో అందదు. అందలేదని వదిలేయొద్దు. ఎంత చేయగలిగితే అంత చేయమని ఆ సూచనల్లోనే ఉంది. అయిదు నిమిషాల చొప్పున రోజుకు నాలుగుసార్లు అయినా సరే. నన్నడిగితే వారానికి రెండు మూడు రోజులు గట్టి వ్యాయామం, మిగతా రోజుల్లో నడక, లేచి కూర్చోవడం.

ఎంత గట్టిగా చేయించాలో ఎలా తెలుస్తుంది? ఎక్కువైతే?

ఎక్కువైపోతుందేమోనన్న భయంతో అవసరానికన్నా చాలా తక్కువ చేయించడమే ఎక్కువచోట్ల జరుగుతోంది. కండరం కాస్త కష్టపడితే తప్ప బలపడదు.

బలం కోసం చేసేటప్పుడు, ఎనిమిది నుంచి పన్నెండుసార్లు చేసేసరికి "ఇంకో రెండుసార్లు చేయగలను, అంతకన్నా కాదు" అనిపించాలి. పదిహేనుసార్లు తేలిగ్గా చేస్తున్నారంటే బరువు కొంచెం పెంచాలి, లేదా కుర్చీ ఎత్తు తగ్గించాలి. నడకలో అయితే మాటలే కొలత. ఊపిరి కాస్త వేగంగా ఉన్నా మాట్లాడగలుగుతుంటే బాగానే ఉన్నట్టు. ఒక్క వాక్యం కూడా పూర్తిచేయలేకపోతుంటే తగ్గించాలి. నాడి మీద ఆధారపడొద్దు, ఎందుకంటే కొన్ని బీపీ మాత్రలు, గుండె మాత్రలు నాడి వేగాన్ని పెరగనివ్వవు.

బరువు ఎత్తేటప్పుడు ఊపిరి బిగబట్టకుండా చూడండి. పైకి లెక్కపెట్టమంటే చాలు, లెక్కపెడుతూ ఎవరూ ఊపిరి బిగబట్టలేరు.

నిలబెడితే పడిపోతారేమో. తుంటి విరిగితే బాధ్యత ఎవరిది?

ఈ భయం న్యాయమైనదే. తుంటి విరిగాక చాలామంది మళ్లీ మునుపటిలా నడవలేరు. కానీ ఆ భయంతో కూర్చోబెడితే కాళ్లు ఇంకా బలహీనపడతాయి, ఏదో ఒక రాత్రి బాత్రూమ్‌కని ఒంటరిగా లేచినప్పుడు పడిపోతారు. అప్పుడు పక్కన ఎవరూ ఉండరు.

ఆస్ట్రేలియాలో 16 ఆశ్రమాల్లో 221 మందితో చేసిన ఒక పరిశోధన 2018లో వచ్చింది. వారానికి రెండు గంటల చొప్పున 25 వారాలు బరువుల వ్యాయామం, బ్యాలెన్స్ వ్యాయామం చేయించారు. మిగతా ఆరు నెలలు దాన్ని నిలబెట్టుకునేలా కొనసాగించారు. ఏడాదిలో వాళ్లు పడిపోవడం, మామూలు సంరక్షణలో ఉన్నవాళ్లతో పోలిస్తే 55 శాతం తగ్గింది. అన్ని పరిశోధనల్లోనూ ఇంత మంచి ఫలితం రాలేదన్నది కూడా చెప్పాలి. బలం, బ్యాలెన్స్ రెండూ ఉండటం, కష్టాన్ని మెల్లమెల్లగా పెంచడం, నెలల తరబడి కొనసాగించడం వల్లే అక్కడ అది సాధ్యమైందని నా నమ్మకం.

వ్యాయామం ఒక్కటే చాలదు. రాత్రిపూట బాత్రూమ్ దారిలో లైటు, మడమ పట్టి ఉండే జారని చెప్పులు లేదా బూట్లు, పాత కళ్లజోడు మార్చడం, నిద్ర మాత్రల గురించి డాక్టరుతో మాట్లాడటం, ఇవన్నీ కలిస్తేనే పడిపోవడం తగ్గుతుంది. మేజోళ్లతో నున్నటి నేల మీద అస్సలు నడిపించొద్దు.

బ్యాలెన్స్ వ్యాయామం ఎలా మొదలుపెట్టాలి?

వంటగట్టు లాంటి గట్టి ఆధారం ముందు, వెనకాల కుర్చీ పెట్టుకుని. మొదట పాదాలు రెండూ దగ్గరగా పెట్టి పది సెకన్లు. అది కుదిరితే ఒక పాదం సగం ముందుకు. అదీ కుదిరితే ఒక మడమ ముందు, దాని వెనకే రెండో కాలి వేళ్లు తగిలేలా. చేతుల ఆధారాన్ని కూడా అలాగే తగ్గించాలి: రెండు చేతులు, ఒక చెయ్యి, రెండు వేళ్లు. కొంచెం ఊగాలి. ఏమాత్రం ఊగకుండా నిలబడుతున్నారంటే అది బ్యాలెన్స్ వ్యాయామం కాదు, ఇంకాస్త కష్టమైనదానికి వెళ్లొచ్చు. కళ్లు మూసుకుని చేయించడం మాత్రం ఫిజియో పక్కన ఉన్నప్పుడే.

మొదలుపెట్టేముందు ఏం చూడాలి?

డాక్టరు అనుమతి, వాడుతున్న మాత్రల జాబితా, ఈమధ్య ఎప్పుడైనా పడ్డారా అన్న విషయం. ఆ తర్వాత ఫిజియో ఒకటి రెండు చిన్న పరీక్షలు చేస్తారు. కుర్చీలోంచి లేచి, మూడు మీటర్లు నడిచి, వెనక్కి తిరిగి వచ్చి కూర్చోవడానికి ఎంతసేపు పడుతుందో చూస్తారు. 12 సెకన్లు దాటితే పడిపోయే ముప్పు ఉన్నట్టు లెక్క. ఆశ్రమాల్లో చాలామందికి అంతకన్నా ఎక్కువే పడుతుంది, దానికి టెన్షన్ పడక్కర్లేదు. ఈరోజు ఎంత పట్టిందో రాసిపెట్టుకుంటే ఆరు వారాల తర్వాత పోల్చుకోవచ్చు. పోల్చాల్సింది ఆ మనిషితో ఆ మనిషినే.

నిలబడగానే కళ్లు తిరుగుతున్నాయంటున్నారు.

పడుకున్నప్పుడు ఒకసారి, నిలబడ్డాక మూడు నిమిషాల్లోపు ఇంకోసారి బీపీ చూడండి. పై అంకె 20 గానీ కింది అంకె 10 గానీ తగ్గితే డాక్టరుకు చెప్పాలి. మాత్రల మోతాదు వల్లో, నీళ్లు సరిగా తాగకపోవడం వల్లో కావచ్చు. ఈలోగా మంచం దిగేముందు పాదాలు ఇరవైసార్లు కిందికీ పైకీ ఆడించడం, మంచం అంచున కాళ్లు వేలాడేసి రెండు నిమిషాలు కూర్చోవడం, తర్వాతే లేవడం అలవాటు చేయండి. మాత్రలు మీ అంతట మీరు ఆపొద్దు.

మోకాళ్లు అరిగిపోయాయి. వ్యాయామం చేస్తే ఇంకా అరగవా?

అరగవు. మోకాలి చుట్టూ ఉన్న కండ బలపడితే కీలు మీద భారం తగ్గుతుంది. చేసేటప్పుడు కొద్దిపాటి నొప్పి ఉండొచ్చు. మర్నాటికల్లా మామూలు స్థాయికి వచ్చేస్తే ఆ మోతాదు సరిపోయినట్టు. మర్నాటికి కూడా నొప్పి పెరిగే ఉంటే, మోకాలు వాస్తే, తగ్గించాలి. మానేయక్కర్లేదు.

మతిమరుపు బాగా ఉంది. చెప్పింది అర్థం కాదు. వాళ్లకు ఎలా?

డిమెన్షియా ఉన్నవాళ్లకు వ్యాయామం కుదరదని వదిలేయడం చాలా అన్యాయం. మాటలు పోయినా ఒంటికి తెలిసిన పనులు చాలాకాలం మిగిలే ఉంటాయి. "లేచి నిలబడి, వాకర్ పట్టుకుని, కిటికీ దగ్గరికి నడవండి" అంటే మూడు సూచనలు. ముందు ఒక్కటే చెప్పండి, చేశాక రెండోది. చెప్పడంకన్నా చేసి చూపించడం మేలు. ఎదురుగా కూర్చుని మీరు కాలు చాపితే ఆవిడా చాపుతారు.

"తొడ కండరాలకు వ్యాయామం చేద్దాం" అంటే పలకని మనిషి, "ఈ బట్టలు మడతపెట్టి అల్మరాలో పెడదామా అమ్మా" అంటే లేస్తారు. ఆ లేవడం, నడవడం, చెయ్యి పైకెత్తి పెట్టడం అన్నీ వ్యాయామమే. వాళ్లకు తెలిసిన పాటలు పెడితే అడుగులు వాటంతటవే పడతాయి. రోజూ ఒకే వేళ, ఒకే చోట, వీలైతే ఒకే మనిషి. చిరాకుగా ఉన్నప్పుడు బలవంతం చేయకుండా అరగంట ఆగి మళ్లీ వెళ్లండి. నొప్పి ఉందని వాళ్లు చెప్పలేకపోవచ్చు, మొహం ముడవడం, చెయ్యి తోసేయడం నొప్పికి గుర్తులు కావచ్చు.

పక్షవాతం వచ్చి ఏళ్లయింది. ఇప్పుడు చేసి లాభముందా?

ఉంది. మొదటి నెలల్లో వచ్చినంత వేగంగా మార్పు రాదు. అయినా లేచి కూర్చోవడం, నడక మెరుగవుతాయి, కీళ్లు బిగుసుకుపోకుండా ఆపవచ్చు. పడిపోయిన వైపు చేతిని పట్టుకుని ఎప్పుడూ లాగొద్దు, భుజం కీలు జారుతుంది. కూర్చున్నప్పుడు ఆ చేతికి కింద దిండు ఆధారం ఉండాలి. ఆ వైపు కాలి మీద బరువు వేయించడం ఫిజియో దగ్గర నేర్చుకుని రోజూ చేయించండి.

పార్కిన్సన్స్ (ఒళ్లు వణికే, కదలిక నెమ్మదించే మెదడు జబ్బు) ఉన్నాయన నడుస్తూ నడుస్తూ ఆగిపోతారు.

లాగొద్దు, తోయొద్దు. లాగితే కాళ్లు ఇంకా అతుక్కుపోయి ముందుకు పడతారు. ఆగనివ్వండి, నిటారుగా నిలబడమనండి, బరువు ఒక కాలి మీదినుంచి ఇంకో కాలి మీదికి మార్చమనండి, "ఒకటి, రెండు" అని లెక్క ఇస్తూ పెద్ద అడుగు వేయించండి. గుమ్మాల దగ్గర, మలుపుల దగ్గర ఎక్కువగా ఆగుతుంటే నేల మీద రంగు టేపు అడ్డగీతలుగా అతికించండి. ఆ గీత దాటమంటే చాలాసార్లు అడుగు పడుతుంది. మాత్ర బాగా పనిచేస్తున్న సమయం చూసుకునే వ్యాయామం పెట్టండి.

తుంటి ఆపరేషన్ అయింది. ఎముకలు గుల్లబారాయని కూడా అన్నారు.

తుంటి కీలు మార్చినవాళ్లకు, ఏ వైపునుంచి ఆపరేషన్ చేశారన్నదాన్ని బట్టి జాగ్రత్తలుంటాయి. వెనకవైపునుంచి చేసివుంటే కొన్ని వారాలు తుంటిని 90 డిగ్రీలకు మించి వంచొద్దని, కాలు మీద కాలు వేసుకోవద్దని, కాలిని లోపలికి తిప్పొద్దని చెబుతారు. డిశ్చార్జి కాగితంలో ఏం రాశారో ఆశ్రమంలో అందరికీ తెలియాలి, రాత్రి డ్యూటీ వాళ్లకు కూడా.

ఎముకలు గుల్లబారితే నిలబడి చేసే వ్యాయామాలు మంచివే. నడుము బాగా ముందుకు వంచి కాలివేళ్లు తాకించడం, వంగి మెలితిప్పడం మాత్రం వద్దు, వెన్నుపూస నలిగే ప్రమాదం ఉంది. ఉన్నట్టుండి నడుంనొప్పి మొదలైతే వెంటనే డాక్టరుకు చూపించండి.

పూర్తిగా మంచం మీదే ఉన్నారు. ఇంక చేసేదేముంది?

చాలా ఉంది. పాదాలు కిందికీ పైకీ ఆడించడం, మోకాలి కింద చుట్టిన తువ్వాలును కిందికి నొక్కడం, మోకాళ్లు మడిచి పిరుదులు కొంచెం ఎత్తడం, వాళ్లు చేయగలిగినంత వాళ్లతోనే చేయించండి. పిరుదులు ఎత్తగలిగితే బెడ్‌పాన్ పెట్టడం, బట్ట మార్చడం ఇద్దరికీ తేలికవుతుంది. ఏమీ చేయలేనివాళ్లకు మనమే ప్రతి కీలును నెమ్మదిగా, నొప్పి రానంతవరకు రోజుకు రెండుసార్లు కదిలించాలి.

పడుకునే తీరు కూడా చికిత్సే. రెండు గంటలకోసారో, నర్సు చెప్పిన సమయానికో ఒత్తిగిలించాలి. మడమలు పరుపుకు ఆనకుండా పిక్కల కింద దిండు పెట్టాలి. మోకాళ్ల కింద మాత్రం పగలూ రాత్రీ దిండు ఉంచేయొద్దు, హాయిగానే ఉంటుంది గానీ కొన్నాళ్లకు మోకాళ్లు మడిచినట్టే బిగుసుకుపోతాయి. డాక్టరు వద్దనకపోతే రోజూ కాసేపైనా మంచం అంచున కాళ్లు కిందికి పెట్టి, పక్కన మనిషి ఉండగా కూర్చోబెట్టండి. ఊపిరితిత్తులు విచ్చుకుంటాయి, మింగడం తేలికవుతుంది, మెడ నిలుస్తుంది. ఎదుటి మనిషి మొహం చూస్తూ మాట్లాడగలుగుతారు.

వాకర్ ఎత్తు ఎంత ఉండాలి? కర్ర ఏ చేత్తో పట్టుకోవాలి?

చేతులు వదులుగా కిందికి వేలాడేస్తే పిడి మణికట్టు దగ్గరికి రావాలి. పట్టుకున్నప్పుడు మోచేయి కొద్దిగా మడవాలి. కర్ర నొప్పి ఉన్న కాలికి ఎదురు చేతిలో ఉండాలి. అడుగున ఉండే రబ్బరు బొడిపె అరిగిందేమో నెలకోసారి తిప్పి చూడండి. ఒకరి వాకర్ ఇంకొకరికి ఇవ్వొద్దు. మంచం ఎక్కాక వాకర్‌ను దూరంగా గోడ వారకి పెట్టేయడం చాలాచోట్ల అలవాటు. అది చేతికందే దూరంలోనే ఉండాలి.

"నన్ను వదిలేయండి, నాకేమీ వద్దు" అంటారు.

ముందు ఎందుకో కనుక్కోండి. నొప్పా, నీరసమా, పడిపోతానన్న భయమా, అందరిముందూ సిగ్గా, బతుకు మీద విరక్తా? ఒక్కోదానికి జవాబు వేరు. తర్వాత వాళ్లకేం కావాలో అడగండి. "కాళ్ల బలం" ఎవరికీ అక్కర్లేదు. మనవరాలి పెళ్లిలో నిలబడి అక్షింతలు వేయాలని ఉంటుంది, వరండాలోకి వెళ్లి ఎండలో కూర్చోవాలని ఉంటుంది, రాత్రిపూట బాత్రూమ్‌కి ఎవరినీ లేపకుండా వెళ్లాలని ఉంటుంది. ఆ కోరికకు తగ్గ వ్యాయామం ఎంచుకుంటే సగం గొడవ తీరుతుంది. ఇంత చెప్పాకా వద్దంటే, వద్దనే హక్కు వాళ్లకుంది. రేపు మళ్లీ అడగండి.

వ్యాయామం చేయిస్తే దిగులు తగ్గుతుందా?

దీనికి ఆశపెట్టే జవాబు ఇవ్వలేను. ఇంగ్లండ్‌లో 78 ఆశ్రమాల్లో, వారానికి రెండుసార్లు ఫిజియోలు నడిపే 45 నిమిషాల సామూహిక వ్యాయామంతో చేసిన పెద్ద పరిశోధన 2013లో వచ్చింది. డిప్రెషన్ లక్షణాలు తగ్గలేదు. కాబట్టి దిగులుగా ఉన్న మనిషికి వ్యాయామం చేయించి సరిపెట్టొద్దు, డాక్టరుకు చూపించాలి, మాట్లాడే మనిషి కావాలి. వ్యాయామం కాళ్ల కోసం, స్వతంత్రంగా ఉండటం కోసం. దానికి అది చాలు.

ఎప్పుడు వెంటనే ఆపాలి?

గుండెలో నొప్పి లేదా బరువు, ఆగినా తగ్గని ఆయాసం, కళ్లు తిరగడం, చల్లటి చెమటలు, ఉన్నట్టుండి మాట తడబడటం లేదా ఒక పక్క బలం పోవడం. ఇవి కనిపిస్తే కూర్చోబెట్టి లేదా పడుకోబెట్టి వెంటనే అత్యవసర వైద్యం పిలవాలి. ఒక పిక్క మాత్రమే వాచి, వేడిగా, నొప్పిగా ఉంటే దాన్ని రుద్దొద్దు, నడిపించొద్దు, రక్తం గడ్డ కావచ్చు, అదే రోజు డాక్టరుకు చూపించాలి. జ్వరం ఉన్న రోజు గట్టి వ్యాయామం వద్దు.

తిండి సంగతి?

సరిపడా తినకుండా బరువులెత్తితే కండ నిలవదు. పెద్దవయసులో రోజుకు కిలో బరువుకు 1 నుంచి 1.2 గ్రాముల ప్రొటీన్ కావాలని నిపుణులు చెబుతారు. అంటే యాభై కిలోల మనిషికి 50 నుంచి 60 గ్రాములు. కిడ్నీ జబ్బు ఉంటే ఈ లెక్క మారుతుంది, డాక్టరునడగాలి. పళ్లు సరిగా లేక నమలలేకపోవడం చాలామందిలో అసలు కారణం. నోట్లో ఒకసారి చూడండి.

ఫిజియో వారానికి ఒక్కసారే వస్తారు. మిగతా రోజులు?

మిగతా రోజులే ముఖ్యం. ఫిజియో వచ్చినప్పుడు చేయించి వెళ్లిపోతే సరిపోదు, ఆయాకు నేర్పించి, ఆమె చేయిస్తుంటే చూసి సరిదిద్దాలి. ఒక్కొక్కరి మంచం దగ్గర ఒక చిన్న కాగితం ఉండాలి: ఎంతమంది సాయంతో లేస్తారు, ఏ రెండు వ్యాయామాలు, ఎన్నిసార్లు, ఏం చేయకూడదు. ఆరు వ్యాయామాలు రాస్తే ఒక్కటీ జరగదు.

యాజమాన్యానికి నా విన్నపం ఒకటుంది. బట్టలు తొడగడానికి పది నిమిషాలు పట్టిన ఆయాను ఆలస్యం చేసిందని కోప్పడకండి. పెద్దాయన తనే గుండీలు పెట్టుకునేదాకా ఆగిన ఆయా, ఆ పూట ఫిజియోథెరపీ చేసింది. ఆ సమయాన్ని ఆమె పనిగంటల్లో లెక్కకట్టండి, తగినంతమందిని పెట్టండి. లేకపోతే ఇక్కడ రాసిందేదీ జరగదు.

మేం నెలకోసారి చూడటానికి వస్తాం. మేం చేయగలిగిందేమైనా ఉందా?

వచ్చినప్పుడు మంచం పక్కన కుర్చీ వేసుకుని కూర్చోకండి. "నాన్నా, అలా వరండాదాకా వెళ్లి మాట్లాడుకుందామా" అనండి. లేచేటప్పుడు చెయ్యి అందించేముందు పది లెక్కపెట్టండి, చాలాసార్లు ఆలోగా ఆయనే లేస్తారు. నడిచేటప్పుడు చేతులు పట్టుకుని ఎదురుగా వెనక్కి నడవకండి, పక్కన, కాస్త వెనకగా నడవండి. మాట్లాడితే అడుగు తడబడే మనిషైతే నడిచేటప్పుడు మాట్లాడించకండి, ఆగి మాట్లాడండి.

కుర్చీలోంచి అయిదుసార్లు లేచి కూర్చోవడానికి ఎంతసేపు పట్టిందో ఫోనులో చూసి రాసిపెట్టుకోండి. వచ్చే నెల మళ్లీ చూడండి. తగ్గితే ఆయనకు చెప్పండి, ఆయాకు కూడా చెప్పండి. పెరుగుతూ పోతుంటే ఫిజియోతో మాట్లాడండి. వెళ్లేముందు చెప్పుల అడుగు, వాకర్ రబ్బరు, కళ్లజోడు ఒకసారి చూడండి, అరిగినవి తర్వాత వచ్చేటప్పుడు కొత్తవి తీసుకురండి.